గ్లేషియర్ నేషనల్ పార్క్: కొండలు, రాళ్లు, ఆ నేల మనుషులు – తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే అమెరికాలోని మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "గ్లేషియర్ వెళ్తున్నాం, ఏం చూడాలి?" అన్న ప్రశ్న మొదలవుతుంది. హోటళ్లు, పార్కింగ్, బేర్ స్ప్రే గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. అందుకని ఇక్కడ వాటిని వదిలేసి, ఆ కొండలు ఎలా ఏర్పడ్డాయి, ఆ రాళ్లకు ఆ రంగులేమిటి, పార్కు రాకముందు ఆ నేల ఎవరిది అన్న ప్రశ్నలకు జవాబులు రాశాను.

ఈ పార్కు ఎక్కడుంది? ఎంత పెద్దది?

అమెరికాలో మోంటానా రాష్ట్రం వాయవ్య మూలన, సరిగ్గా కెనడా సరిహద్దును ఆనుకుని ఉంది. విస్తీర్ణం సుమారు 4,100 చదరపు కిలోమీటర్లు. 1910 మే 11న నేషనల్ పార్క్ అయింది. సరిహద్దుకు అవతల కెనడా వాళ్ల వాటర్టన్ లేక్స్ పార్కు ఉంది. 1932లో ఈ రెండింటినీ కలిపి అంతర్జాతీయ శాంతి పార్కుగా ప్రకటించారు. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది.

ఫొటోల్లో చాలా ఎత్తుగా కనిపిస్తాయి. నిజంగా అంత ఎత్తైన కొండలేనా?

అంత ఎత్తు కాదు. అన్నిటికన్నా ఎత్తైన మౌంట్ క్లీవ్‌లాండ్ 3,190 మీటర్లు. కొలరాడోలో ఉన్న మనవాళ్లు ఈ అంకె చూసి నవ్వుతారు. అయితే ఇక్కడ లోయ అడుగు బాగా కింద ఉంటుంది. పడమటి వైపు లేక్ మెక్‌డొనాల్డ్ దగ్గర నేల 960 మీటర్ల ఎత్తులోనే ఉంది. అక్కడి నుంచి గోడలా లేచిన కొండను చూస్తాం కాబట్టి మెడ పట్టేస్తుంది. పైగా ఇది 49 డిగ్రీల ఉత్తర అక్షాంశం. ఇంత ఉత్తరాన చెట్లు పెద్దగా పైకి ఎక్కలేవు, మంచు తొందరగా కరగదు. అందుకే పార్కు రోడ్డు కొండల్ని దాటే కనుమ లోగన్ పాస్ 2,026 మీటర్లే అయినా జూలైలో కూడా మంచు మీద నడుస్తారు. మన రెండు రాష్ట్రాల్లో 1,700 మీటర్లు దాటిన శిఖరం లేదు. అంటే అక్కడ కారు ఆపి దిగే పార్కింగ్ స్థలమే మన అర్మ కొండ కంటే ఎత్తులో ఉంది.

ఒకే శిఖరం నుంచి మూడు సముద్రాలకు నీళ్లు పోతాయంటారు. నిజమేనా?

నిజమే. ట్రిపుల్ డివైడ్ పీక్ అని 2,444 మీటర్ల శిఖరం ఉంది. దాని మూడు వాలుల్లో మూడు వాగులు పుడతాయి, పేర్లు కూడా దాచిపెట్టకుండా పెట్టారు. పసిఫిక్ క్రీక్ నీళ్లు ఫ్లాట్‌హెడ్ నదిలో, చివరికి కొలంబియా నదిలో కలిసి పసిఫిక్ సముద్రానికి పోతాయి. అట్లాంటిక్ క్రీక్ నీళ్లు మారియాస్, మిస్సోరీ, మిసిసిపీ నదుల మీదుగా మెక్సికో సింధుశాఖ చేరతాయి. హడ్సన్ బే క్రీక్ నీళ్లు సెయింట్ మేరీ నదిలోకి, ఆ తర్వాత కెనడాలోని సస్కాచువాన్ నదిలోకి వెళ్లి హడ్సన్ బే చేరతాయి. శిఖరం మీద ఒక చెంబుడు నీళ్లు ఒలకబోస్తే మూడు దిక్కులా పోతాయని గైడ్లు చెప్పే మాట ఇక్కడ పెద్ద అతిశయోక్తేమీ కాదు.

పార్కు పడమర, తూర్పు వైపులు అంత వేరుగా ఎందుకుంటాయి?

పసిఫిక్ నుంచి వచ్చే మేఘాలు పడమటి వాలులో చాలావరకు కురిసేస్తాయి. అందుకే అవలాంచ్ క్రీక్ దగ్గర రెడ్ సీడార్, హెమ్లాక్ చెట్లతో నాచు పట్టిన చీకటి అడవి కనిపిస్తుంది. కొండ దాటి తూర్పుకు దిగితే ఆ తేమ లేదు. గాలి మాత్రం ఆగదు. గడ్డి మైదానం నేరుగా కొండ పాదం దాకా వచ్చేస్తుంది, మధ్యలో చిన్న గుట్టల వరసైనా ఉండదు. ఆ తూర్పు అంచున ఉన్న బ్రౌనింగ్ ఊళ్లో 1916 జనవరి 23, 24 తేదీల్లో ఒక్క రోజు వ్యవధిలో ఉష్ణోగ్రత 7 డిగ్రీల నుంచి మైనస్ 49 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. 24 గంటల్లో అంత పతనం మరెక్కడా నమోదు కాలేదు.

మనవాళ్లు ఎక్కువగా పడమటి వైపు బస చేస్తారు, లోగన్ పాస్ దాకా వెళ్లి ఫొటోలు దిగి వెనక్కి తిరుగుతారు. నన్నడిగితే అది సగం చూడటమే. రాళ్ల కథ కానీ మనుషుల కథ కానీ విప్పి చూపించేది తూర్పు అంచే. ఎందుకో కింది జవాబుల్లో తెలుస్తుంది.

రాళ్లు ఎర్రగా, పచ్చగా, ఊదాగా ఎందుకుంటాయి?

ఇవన్నీ దాదాపు 140 నుంచి 150 కోట్ల ఏళ్ల కిందట ఒక లోతు తక్కువ సముద్రంలో పేరుకున్న బురద, ఇసుక, సున్నం. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ పొరలన్నిటినీ కలిపి బెల్ట్ సూపర్‌గ్రూప్ అంటారు. బురద గట్టిపడి ఆర్గిలైట్ అనే రాయి అయింది. బురదలో కొద్దిగా ఇనుము ఉంది. నీళ్లు తగ్గి బురద గాలికి తగిలిన చోట ఆ ఇనుము తుప్పు పట్టి రాయి ఎర్రబడింది. నీళ్లు లోతుగా ఉండి ఆక్సిజన్ అందని చోట పచ్చగా మిగిలింది. తేడా అంతే. ఒకే కొండ మీద ఎరుపు, పచ్చ పొరలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తే ఆ సముద్రం ముందుకూ వెనక్కీ జరిగిందని అర్థం.

ఎర్ర రాళ్ల దగ్గరగా వెళ్లి చూడండి. అలలు ఇసుక మీద వేసిన గీతలు, బురద ఎండి బీటలు వారిన గళ్లు అచ్చంగా అలాగే ఉంటాయి. మన చెరువులు ఎండినప్పుడు అడుగున కనిపించే బీటలే ఇవి. రాళ్లు ఇంత పాతవై కూడా నలిగిపోకుండా, బాగా ఉడికిపోకుండా ఉండటం అరుదు. ఈ వయసు శిలలు ప్రపంచంలో చాలాచోట్ల వేడికి, ఒత్తిడికి రూపు మారిపోయి ఉంటాయి.

వాటిలో శిలాజాలు ఉంటాయా? డైనోసార్లు?

ఈ పాత రాళ్లలో డైనోసార్లే కాదు, చేప, నత్త కూడా దొరకవు. అవి పుట్టడానికి ఇంకా కోట్ల ఏళ్లు ఉంది. దొరికేవి స్ట్రోమటోలైట్లు. సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు లోతు తక్కువ నీళ్లలో జిగురు చాపలా పరుచుకుని, వాటి మీద సున్నపు రేణువులు పేరుకుని, మళ్లీ వాటి మీద కొత్త చాప పెరిగి ఇలా పొర మీద పొర కట్టిన దిబ్బలు. అడ్డంగా కోస్తే క్యాబేజీని కోసినట్టు వలయాలు కనిపిస్తాయి. గ్రిన్నెల్ గ్లేషియర్ దారిలోనూ, లోగన్ పాస్ పరిసరాల్లోనూ సున్నపురాయి పొరల్లో ఇవి బాగా కనిపిస్తాయి. మనం పీల్చే ఆక్సిజన్ భూమి మీద పేరుకోవడం మొదలైంది ఈ జాతి జీవుల వల్లే.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఇవి చూడటానికి మోంటానా దాకా పోనక్కర్లేదు. కడప జిల్లాలో వేంపల్లె, పులివెందుల చుట్టుపక్కల డోలమైట్ రాళ్లలో స్ట్రోమటోలైట్లు కొల్లలు. పైగా మనవి ఇంకా పాతవి, దాదాపు 190 కోట్ల ఏళ్లవి. కడప బేసిన్ అని భూగర్భ శాస్త్రంలో దీనికి మంచి పేరుంది. గ్లేషియర్‌లో వీటి పక్కన బోర్డు పెట్టి, రేంజర్ నిలబడి పిల్లలకు చూపిస్తాడు. మన దగ్గర చాలామంది వాటి మీదే నడిచి పొలానికి పోతుంటారు.

కొండ మధ్యలో నల్లటి గీత ఒకటి అడ్డంగా కనిపిస్తుంది. అదేమిటి?

లోగన్ పాస్ దగ్గర గార్డెన్ వాల్ అనే రాతి గోడ మీద, మెనీ గ్లేషియర్ అనే ప్రాంతం వైపు కొండల మీద బాగా కనిపిస్తుంది. దాదాపు 30 మీటర్ల మందం ఉంటుంది. భూమి లోపలి నుంచి కరిగిన శిలాద్రవం సున్నపురాయి పొరల మధ్యకు దూరి, అక్కడే గడ్డకట్టింది. ఇలా పొరల మధ్య అడ్డంగా చొరబడినదాన్ని సిల్ అంటారు. నల్ల గీతకు పైనా కిందా సన్నటి తెల్లటి అంచులు కూడా చూడండి. శిలాద్రవం వేడికి ఉడికి సున్నపురాయి అక్కడ పాలరాయిగా మారింది.

సరిగ్గా ఇదే పని పులివెందులలోనూ జరిగింది. అక్కడ డోలమైట్‌లోకి దూరిన సిల్ వేడికి ఆ రాయి మారి రాతినార (ఆస్‌బెస్టాస్) ఏర్పడింది. పులివెందుల రాతినార గనులు ఆ సిల్ పుణ్యమే.

అన్నట్టు, పార్కులో గ్రానైట్ పార్క్ అనే చోటు ఉంది. అక్కడ గ్రానైట్ లేదు. పాత లావా రాయిని చూసి గనులు వెతికేవాళ్లు గ్రానైట్ అనుకుని పేరు పెట్టేశారు, అదే ఉండిపోయింది.

"ఈ కొండలు తలకిందులుగా ఉన్నాయి" అంటారు. అంటే ఏమిటి?

పార్కు భూగర్భ శాస్త్రంలో అసలు విషయం ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ఇంట్లో పాత పేపర్ల కట్టలో అడుగున పాతవి, పైన కొత్తవి ఉంటాయి. రాతి పొరలూ మామూలుగా అంతే. గ్లేషియర్ తూర్పు అంచున మాత్రం 140 కోట్ల ఏళ్లు దాటిన రాళ్లు పైన, వాటి కింద ఏడెనిమిది కోట్ల ఏళ్ల రాళ్లు ఉన్నాయి. కింద ఉన్నవి డైనోసార్ల కాలపు చివరి సముద్రపు బురదరాళ్లు.

ఉత్తర అమెరికా పడమటి అంచున భూఫలకాలు ఒకదాన్నొకటి నెట్టుకున్నప్పుడు లోపలి నేల నలిగి, మడతపడి, చివరికి తెగింది. కొన్ని కిలోమీటర్ల మందం, వందల కిలోమీటర్ల పొడవు ఉన్న పాత రాతి పలక ఆ తెగిన చోటు నుంచి జారి, కొత్త రాళ్ల మీదికెక్కి తూర్పుకు నడిచింది. 80 కిలోమీటర్లకు పైగా నడిచింది. ఒక్క రోజులో కాదు, దాదాపు ఏడున్నర కోట్ల ఏళ్ల కిందటి నుంచి ఆరు కోట్ల ఏళ్ల కిందటి దాకా, ఏడాదికి మిల్లీమీటర్ల లెక్కన. దీన్ని లూయిస్ ఓవర్‌థ్రస్ట్ అంటారు. 1900ల మొదట్లో బెయిలీ విల్లిస్ అనే భూగర్భ శాస్త్రవేత్త దీన్ని గుర్తించి వివరించాడు. అప్పట్లో ఇంత పెద్ద పలక అంత దూరం కదిలిందంటే నమ్మడం మాటలు కాదు.

కళ్లతో చూడాలంటే హైవే 2 మీద మారియాస్ పాస్ దగ్గర ఆగండి. ఎదుటి కొండ మీద లేత రంగు పాత రాయి, దాని కింద ముదురు రంగు మెత్తటి కొత్త రాయి, మధ్యలో స్పష్టమైన గీత. టికెట్ లేదు, నడక లేదు. ఆమ్‌ట్రాక్ ఎంపైర్ బిల్డర్ రైలు కూడా ఈ కనుమ మీదుగానే పోతుంది.

గడ్డి మైదానం నుంచి కొండ ఒక్కసారిగా గోడలా లేవడానికి కారణం కూడా ఇదే. ఆ గట్టి పలక అంచు అక్కడ ముగిసింది.

పార్కులో ఇప్పుడు ఎన్ని గ్లేషియర్లు మిగిలాయి?

గ్లేషియర్ అంటే తన బరువుకు తానే మెల్లగా కదిలే మంచు ప్రవాహం. 2015 ఉపగ్రహ, విమాన చిత్రాల లెక్క ప్రకారం ఇవి 26. కనీసం 0.1 చదరపు కిలోమీటరు, అంటే 25 ఎకరాలు ఉంటేనే గ్లేషియర్‌గా లెక్కిస్తారు. అంతకన్నా తగ్గితే సాధారణంగా తన బరువుకు తాను కదలదు, ఉత్త మంచుగడ్డ అవుతుంది. 1966 నుంచి 2015 మధ్య ఇక్కడి పేరున్న గ్లేషియర్లు సగటున 39 శాతం తగ్గాయి. కొన్ని 80 శాతానికి పైగా పోయాయి.

2020 కల్లా అన్నీ కరిగిపోతాయని పార్కులో ఒకప్పుడు బోర్డులు ఉండేవి. ఆ అంచనా తప్పింది, బోర్డులు మార్చారు. దాంతో "కరగడమే అబద్ధం" అని ఫార్వర్డ్ మెసేజ్‌లు తిరిగాయి. తేదీ తప్పింది కానీ దిశ తప్పలేదు. కొలతలు తగ్గుతూనే ఉన్నాయి. నడవలేనివాళ్లు జాక్సన్ గ్లేషియర్‌ను రోడ్డు పక్క నుంచే చూడొచ్చు, లోగన్ పాస్‌కు తూర్పున వ్యూపాయింట్ ఉంది.

పార్కుకు ఆ పేరు రావడానికి అసలు ఘనత ఇప్పుడున్న ఈ చిన్న గ్లేషియర్లది కాదు. సుమారు 12,000 ఏళ్ల కిందటి దాకా ఈ లోయల్ని నింపిన మహా హిమప్రవాహాలది. లోయలు అడుగున విశాలంగా, పక్కలు నిట్టనిలువుగా ఉండటం, గార్డెన్ వాల్ రంపపు పన్నులా మిగలడం, బర్డ్ ఉమన్ జలపాతం గాలిలో వేలాడే లోయ నుంచి దాదాపు 150 మీటర్లు దూకడం, అన్నీ వాటి పనే. లేక్ మెక్‌డొనాల్డ్‌ను 140 మీటర్లకు పైగా లోతున తవ్విందీ అవే.

సరస్సుల నీళ్లు ఆ పచ్చనీలం రంగులో ఎందుకు?

గ్లేషియర్ కింద రాయి రాయిని ఒరుసుకుని మెత్తటి పిండి అవుతుంది. అది నీళ్లలో మునగకుండా తేలుతూ వెలుగును చెదరగొడుతుంది. గ్రిన్నెల్ సరస్సు అందుకే ఆ రంగులో ఉంటుంది. లేక్ మెక్‌డొనాల్డ్‌లో ఆ పిండి తక్కువ, కాబట్టి అడుగున రంగురాళ్లు కనిపించేంత తేటగా ఉంటుంది.

పార్కు రాకముందు ఈ నేల ఎవరిది?

మనుషులు ఇక్కడ 10,000 ఏళ్లకు పైగా తిరుగుతున్నారని పురావస్తు ఆధారాలున్నాయి. తెల్లవాళ్లు వచ్చేనాటికి తూర్పు వైపు మైదానం, కొండలు బ్లాక్‌ఫీట్ జాతివి. బ్లాక్‌ఫీట్, కెనడాలోని సిక్సికా, కైనా, పికాని వాళ్లు అందరూ ఒకే భాష మాట్లాడే బంధువులు. మధ్యలో గీసిన 49 డిగ్రీల సరిహద్దు వాళ్లను రెండు దేశాలుగా విడగొట్టింది. పడమటి లోయలు సేలిష్, పాండొరే, కూటనై జాతులవి. వాళ్లు చేపలు, బెర్రీలు, దుంపల మీద బతికినా, బైసన్ (అమెరికా అడవిదున్న) వేటకు ఏటా కొండ కనుమలు దాటి తూర్పుకు వచ్చేవాళ్లు. అక్కడ బ్లాక్‌ఫీట్ వాళ్లతో గొడవలు, ఇచ్చిపుచ్చుకోవడాలు రెండూ ఉండేవి. ఇప్పుడు మనం హైకింగ్ చేసే కాలిబాటల్లో చాలా వాళ్లు వేసినవే.

బ్లాక్‌ఫీట్ వాళ్లు ఈ కొండల్ని ప్రపంచానికి వెన్నెముక అంటారు. ఉపవాసం ఉండి దర్శనాల కోసం ప్రార్థించేది, మందు మొక్కలు ఏరుకునేది, గుడారాలకు లాడ్జ్‌పోల్ పైన్ వాసాలు కొట్టుకునేది ఈ కొండల్లోనే. "మనిషి అడుగు పెట్టని అడవి" అని పార్కు గురించి ఎక్కడైనా చదివితే నమ్మకండి.

మరి అది ప్రభుత్వం చేతికి ఎలా వెళ్లింది?

ఆకలి వల్ల. మెత్తటి మాట వెతకడం అనవసరం.

1855లో రెండు ఒప్పందాలు జరిగాయి. హెల్‌గేట్ ఒప్పందంతో పడమటి జాతులు చాలా నేల వదులుకుని ఫ్లాట్‌హెడ్ రిజర్వేషన్‌కు, అంటే ప్రభుత్వం వాళ్లకు విడిగా కేటాయించిన నేలకు, పరిమితమయ్యాయి. తూర్పున బ్లాక్‌ఫీట్ వాళ్లకు మొదట పెద్ద ప్రాంతం ఒప్పుకున్నా ఆ తర్వాత ఉత్తర్వుల మీద ఉత్తర్వులతో కోసుకుంటూ వచ్చారు. 1870 జనవరి 23న మారియాస్ నది ఒడ్డున సైన్యం హెవీ రన్నర్ అనే నాయకుడి శిబిరం మీద కాల్పులు జరిపి సుమారు 200 మందిని చంపింది. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. అది సైన్యం వెతుకుతున్న శిబిరం కూడా కాదు. 1880ల మొదట్లో బైసన్ మందలు అంతమయ్యాయి. 1883-84 చలికాలంలో తిండి లేక సుమారు 600 మంది బ్లాక్‌ఫీట్ వాళ్లు చనిపోయారు. ఇస్తామన్న రేషన్ చాలినంత రాలేదు.

ఆ తర్వాత పదేళ్లకు కొండల్లో రాగి, బంగారం ఉన్నాయని పుకారు లేచింది. 1895లో ప్రభుత్వం ముగ్గురు కమిషనర్లను పంపింది. వాళ్లలో ఒకరు జార్జ్ బర్డ్ గ్రిన్నెల్. పత్రికా సంపాదకుడు, బ్లాక్‌ఫీట్ వాళ్లకు స్నేహితుడు, వాళ్ల కథలు సేకరించినవాడు. బేరంలో బ్లాక్‌ఫీట్ నాయకులు 30 లక్షల డాలర్లు అడిగారు. చివరికి 15 లక్షలకు కుదిరింది. కొండల పాదం వెంట గీత గీసి, దానికి పడమట ఉన్న సుమారు 8 లక్షల ఎకరాలు తీసుకున్నారు. చీఫ్ మౌంటెన్ తన తల అని, ఇప్పుడు తల తెగిపోయిందని వైట్ కాఫ్ అనే వృద్ధ నాయకుడు అన్నట్టు చెబుతారు.

గనుల్లో ఏమీ దొరకలేదు. అదే గ్రిన్నెల్ నేషనల్ పార్క్ కోసం ఏళ్ల తరబడి రాశాడు, తిరిగాడు, 1910లో సాధించాడు. ఆయన్ని మంచివాడనాలా, కాదనాలా అంటే రెండు వైపులా వాదించొచ్చు. ఆయన లేకపోతే ఆ నేల ఇంకా తక్కువకు పోయేదని కొందరంటారు. కానీ స్నేహితుడి మాట మీద సంతకం పెట్టినవాళ్లకు ఆ నేల పార్కు అవుతుందని ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి గమనించండి. 1895 గీత కొండల పాదం వెంట పోయింది. కొండల పాదం అంటే ఓవర్‌థ్రస్ట్ పలక ఆగిన అంచు. పార్కుకూ రిజర్వేషన్‌కూ మధ్య సరిహద్దు ఇవాళ్టికీ ఇంచుమించు అదే. కొండంతా అటు పోయింది, మైదానం ఇటు మిగిలింది.

ఒప్పందంలో వాళ్లకు ఏ హక్కులూ మిగల్చలేదా?

మిగిల్చారు. అది ప్రభుత్వ భూమిగా ఉన్నంతకాలం కలప కొట్టుకోవచ్చు, వేటాడొచ్చు, చేపలు పట్టుకోవచ్చు అని రాశారు. పార్కు వచ్చాక అధికారులు అవి చెల్లవన్నారు. 1935లో, ప్రభుత్వం మీద వేసే దావాలు వినే కోర్ట్ ఆఫ్ క్లెయిమ్స్ కూడా పార్కు ఏర్పాటుతో ఆ హక్కులు పోయాయని తీర్పు చెప్పింది. చాలామంది బ్లాక్‌ఫీట్ వాళ్లు ఇప్పటికీ దాన్ని ఒప్పుకోరు. ప్రవేశ రుసుము లేకుండా లోపలికి వెళ్లే హక్కు మాత్రం 1970లలో కోర్టుకెళ్లి దక్కించుకున్నారు.

అప్పుడు పోయిన భూమిలో ఒక ముక్క పార్కులో లేదు. దక్షిణాన ఉన్న ఆ బ్యాడ్జర్-టూ మెడిసిన్ ప్రాంతం నేషనల్ ఫారెస్ట్ కింద ఉంది. అక్కడ 1980లలో ఇచ్చిన చమురు లీజుల మీద దశాబ్దాలు పోరాడారు. చివరి లీజు 2023లో రాజీ ఒప్పందంతో ముగిసింది.

పాత పోస్టర్లలో ఈకల కిరీటాలతో బ్లాక్‌ఫీట్ వాళ్లు కనిపిస్తారు. అది నిజ జీవితమేనా?

గ్రేట్ నార్తర్న్ రైల్వే ప్రచారం అది. యూరప్ వెళ్లే సంపన్నుల్ని ఇటు తిప్పడానికి ఆ కంపెనీ ఇక్కడ పెద్ద హోటళ్లు కట్టింది. మెనీ గ్లేషియర్ హోటల్ 1915లో తెరిచారు. ఈస్ట్ గ్లేషియర్ స్టేషన్‌లో రైలు దిగేవాళ్లకు బ్లాక్‌ఫీట్ వాళ్లు సంప్రదాయ దుస్తుల్లో స్వాగతం చెప్పేవాళ్లు. పార్కులో వేటాడితే నేరం, పార్కు ముందు నాట్యం చేస్తే జీతం. అయితే వాళ్లను ఉత్త బొమ్మలుగా చూడటం కూడా తప్పే. రిజర్వేషన్‌లో ఆచారాల మీద ఆంక్షలున్న రోజుల్లో పాటలు, దుస్తులు, నాట్యాలు నలుగురిలో నిలబెట్టుకోవడానికి కొందరు ఆ వేదికను వాడుకున్నారు.

చీఫ్ మౌంటెన్ ఎక్కొచ్చా?

2,768 మీటర్ల ఈ కొండ పార్కు ఈశాన్య మూలన, రిజర్వేషన్ సరిహద్దు మీద, మిగతా కొండలకు దూరంగా ఒంటరిగా నిలబడి ఉంటుంది. చుట్టూ ఉన్న పలక అంతా అరిగిపోయి ఈ ఒక్క ముక్క కొత్త రాళ్ల మీద మిగిలింది. భూగర్భ శాస్త్ర పుస్తకాల్లో దీని బొమ్మ తరచూ వేస్తారు. బ్లాక్‌ఫీట్ వాళ్లకు పరమ పవిత్రం. యువకులు ఇక్కడే ఉపవాస దీక్షలు చేసేవాళ్లు, ఇప్పటికీ ప్రార్థనలు చేస్తారు. ఎక్కేవాళ్లున్నారు. నా సలహా అయితే హైవే మీద ఆగి చూడండి చాలు. చుట్టుపక్కల చెట్లకు కట్టిన రంగు గుడ్డలు కనిపిస్తే ముట్టుకోవద్దు, ఫొటో కోసం సర్దవద్దు. మన గుళ్ల దగ్గర చెట్టుకు కట్టిన ముడుపు ఎవరైనా విప్పితే మనం ఊరుకోం కదా.

పిల్లలు, పెద్దవాళ్లతో తేలిగ్గా వెళ్లగలిగే చోటు ఏదైనా ఉందా?

టూ మెడిసిన్ దగ్గర రన్నింగ్ ఈగిల్ జలపాతం. చదునైన చిన్న నడక, చక్రాల కుర్చీ కూడా పోతుంది. పిటమకాన్ అనే బ్లాక్‌ఫీట్ యుద్ధవీరురాలి పేరు మీద ఉంది. ఆమె ఇక్కడ దీక్ష చేసిందంటారు. మంచు కరిగే రోజుల్లో నీళ్లు కొండ పైనుంచి దూకుతాయి. వేసవి చివర్లో పై ధార ఆగిపోయి, సున్నపురాయి మధ్య ఉన్న రంధ్రంలోంచి మాత్రమే నీళ్లు వస్తాయి. ఆగస్టులో వెళ్లి "జలపాతం చిన్నదే" అని నిరాశపడకండి, ఆ రంధ్రం కనబడేది అప్పుడే.

బైసన్‌లు తిరిగి వచ్చాయా?

వచ్చాయి, చాలా దూరం తిరిగి. 1870లలో పడమటి జాతులవాళ్లు బ్లాక్‌ఫీట్ మైదానం నుంచి కొన్ని దూడల్ని కొండలు దాటించి ఫ్లాట్‌హెడ్ లోయకు తీసుకెళ్లారు. అవి పెరిగి పెద్ద మంద అయ్యాయి. అమెరికా ప్రభుత్వం కొననంది. 1907 నుంచి కెనడా కొనుక్కుని ఎల్క్ ఐలాండ్ తదితర చోట్ల పెంచింది. 2016లో ఎల్క్ ఐలాండ్ నుంచి ఆ వంశపు దూడలు 80కి పైగా బ్లాక్‌ఫీట్ రిజర్వేషన్‌కు వచ్చాయి. 2023 జూన్‌లో చీఫ్ మౌంటెన్ దగ్గర కంచె లేని నేల మీద కొన్నిటిని వదిలారు. పార్కులోకి నడిచి వెళ్లాలనుకుంటే వాటిని ఆపేవాళ్లు లేరు.

ఆ జాతులవాళ్ల మాట వాళ్ల నోటితోనే వినాలంటే?

1982 నుంచి పార్కులో "నేటివ్ అమెరికా స్పీక్స్" పేరుతో వేసవి సాయంత్రాల్లో బ్లాక్‌ఫీట్, సేలిష్, కూటనై, పాండొరే వక్తలు మాట్లాడతారు, పాడతారు. ఎక్కువగా క్యాంప్‌గ్రౌండ్ వేదికల దగ్గర జరుగుతాయి. తూర్పు వైపు నుంచి బ్లాక్‌ఫీట్ గైడ్లు నడిపే బస్సు టూర్లు కూడా ఉన్నాయి. డ్రైవింగ్ టెన్షన్ ఉన్నవాళ్లకు అవి రెండు విధాలా మేలు. రిజర్వేషన్ భూమిలో నడవాలన్నా, చేపలు పట్టాలన్నా ఆ జాతి ప్రభుత్వం ఇచ్చే పర్మిట్ వేరే తీసుకోవాలి. పార్కు పాస్ అక్కడ పనికిరాదు.

ఒక్కరోజే ఉంటే ఎలా చూడాలి?

గోయింగ్-టు-ది-సన్ రోడ్డు 80 కిలోమీటర్లు, 1933లో ప్రారంభమైంది. పడమట మొదలుపెట్టి వెనక్కి తిరగకుండా సెయింట్ మేరీకి దిగండి. అక్కడి నుంచి దక్షిణంగా టూ మెడిసిన్, ఈస్ట్ గ్లేషియర్, హైవే 2 మీద మారియాస్ పాస్ చూసుకుని పడమరకు చేరితే పార్కు చుట్టూ ఒక చక్కరు పూర్తవుతుంది. పొద్దున్నే బయల్దేరాలి. లోగన్ పాస్ దగ్గర మంచు తీయడం వల్ల పై రోడ్డు సాధారణంగా జూన్ చివరికి గానీ జూలై మధ్యకు గానీ తెరుచుకోదు. మే నెలలో టికెట్లు కొనేసి తర్వాత బాధపడేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. వాహనాల రిజర్వేషన్, ప్రవేశ రుసుముల నియమాలు తరచూ మారుతున్నాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెంట ఉంటే రుసుము వివరాలు పార్కు వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి.

లేక్ మెక్‌డొనాల్డ్ రంగురాళ్లు రెండు తెచ్చుకోవచ్చా?

కుదరదు, చట్టవిరుద్ధం. ఇంకో మాట, ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించినంత రంగులు అక్కడ కనిపించవు. రాయి తడిగా ఉన్నప్పుడే ఆ రంగు, ఎండితే వెలిసిపోతుంది. మిగతాది ఫోన్ ఎడిటింగ్.

కెనడా వైపు వాటర్టన్ కూడా ఒకే ట్రిప్‌లో చూడొచ్చా?

శాంతి పార్కు అయినా సరిహద్దు సరిహద్దే. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కెనడా వీసా కావాలి. అమెరికా గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, పాస్‌పోర్టు, కార్డు రెండూ చేతిలో ఉండాలి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు కెనడా వీసా ఒక్కటే చూసుకుంటే చాలదు, తిరిగి అమెరికాలోకి రావడానికి స్టాంపింగ్ సంగతి కూడా తేల్చుకున్నాకే బయల్దేరాలి. చీఫ్ మౌంటెన్ చెక్‌పోస్టు వేసవిలో మాత్రమే, అదీ పగటివేళే తెరిచి ఉంటుంది.